వేళ్లు మారినా ఊపిరి ఆగదు: కీబోర్డు వేణువులో స్వరాలు ఎందుకు అతకవు

కీబోర్డులో ఫ్లూట్ టోన్ పెట్టి మోహన రాగం ఆరోహణ ఒకసారి వాయించి చూడండి. స రి గ ప ద స. ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వింటే వేణువే, అనుమానం లేదు, ఎందుకంటే చాలా కీబోర్డుల్లో ఆ శబ్దం నిజమైన వేణువుని రికార్డు చేసి పెట్టిందే. ఆరూ వరసగా వినేసరికి మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. ప్రతి స్వరం ముందూ "ఫు" అని కొత్తగా ఊదిన చప్పుడు, ప్రతి స్వరం చివరా చిన్న తెగింపు. ఆరు స్వరాలకి ఆరు ఊపిర్లు. వేణువు నేర్చుకున్న మనిషి ఆ ఆరోహణ మొత్తం ఒకే ఊపిరిలో ఊదేస్తాడు, మధ్యలో మారేవి వేళ్లు మాత్రమే.

విశాఖలో ఈ తేడా వినాలంటే ముహూర్తాల రోజుల్లో గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న ఫంక్షన్ హాళ్ల ముందు నుంచి వెళ్తే చాలు. డోలు సన్నాయి మేళం పెట్టుకున్న చోట ఒకలా ఉంటుంది, మేళం బదులు కీబోర్డులో సన్నాయి టోన్‌తో సరిపెట్టిన చోట ఇంకోలా ఉంటుంది. సంగీతం రాని వాళ్లకి కూడా అది తెలిసిపోతుంది, ఎందుకు తెలుస్తోందో చెప్పలేరు, అంతే. ఇంట్లోనే ఒక గదిని స్టూడియోగా మార్చుకుని భక్తి పాటలకీ షార్ట్ ఫిల్ములకీ సంగీతం చేసే కుర్రాళ్లు దీనికి మందు ఇంకాస్త ఖరీదైన శాంపిల్ లైబ్రరీ, అంటే నిజమైన వాయిద్యాల స్వరాలు ఒక్కోటీ రికార్డు చేసి పెట్టిన మూట, అనుకుని డబ్బులు పోస్తారు. కొత్త లైబ్రరీలో స్వరం ఇంకా అందంగా ఉంటుంది, అతుకు మాత్రం పాతదే. స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే ఆ అతుకు గురించే ఈ వ్యాసం.

తెలుగు వాళ్లకి దీన్ని సంధితో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. "వాడు ఎక్కడ" అని విడదీసి రాసుకున్నా నోటితో అనేటప్పుడు "వాడెక్కడ" అనే వస్తుంది. మొదటి మాట చివరి ఉకారం పోయింది, రెండో మాట మొదటి అచ్చు ఆ చోటుకొచ్చి కూర్చుంది, మధ్యలో గొంతు ఎక్కడా ఆగలేదు. కీబోర్డు వేణువు సంధి చేయడం తెలియని మనిషి తెలుగు చదువుతున్నట్టు ఉంటుంది. ప్రతి మాటా స్పష్టంగానే ఉంటుంది గానీ వాక్యం వినిపించదు.

వేణువులో పెదవుల నుంచి వచ్చే సన్నటి గాలి ధార ఊదే రంధ్రం అవతలి అంచుకి తగిలి లోపలికీ బయటికీ ఊగుతుంది, ఆ ఊపుతో గొట్టంలోని గాలి కంపిస్తుంది. ఎంత పొడవు గాలి కంపిస్తోందన్న దాన్ని బట్టి స్వరం ఎత్తు ఉంటుంది. వేలు ఎత్తితే పొడవు తగ్గి స్వరం పెరుగుతుంది. వేలు ఎత్తిన ఆ క్షణంలో కూడా గాలి ధార ఆగదు, కీలకమంతా ఇక్కడే ఉంది. పాత పొడవుకి అలవాటుపడ్డ కంపనం కొన్ని చుట్లలో అణగిపోతుంటే, కొత్త పొడవుకి తగ్గ కంపనం అదే సమయంలో పైకి లేస్తూ ఉంటుంది. 440 హెర్ట్జ్ స్వరంలో ఒక చుట్టుకి సుమారు 2.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఓ పది పదిహేను చుట్లు అనుకున్నా మొత్తం వ్యవహారం 20, 30 మిల్లీసెకన్లలో తేలిపోతుంది. ఆ కాస్త సమయంలో శబ్దం కొంచెం తగ్గుతుంది, పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా మోగే ఎత్తైన స్వరాలు, బలహీనపడి స్వరం కాస్త మొద్దుబారుతుంది, ఎప్పుడూ వెనకాల ఉండే ఊపిరి చప్పుడు ఒక్క క్షణం ముందుకొస్తుంది, ఆ తర్వాత అన్నీ మళ్లీ సర్దుకుంటాయి. ఒక వేలు లేస్తూ ఇంకో వేలు మూస్తూ ఉండాల్సిన చోట రెండూ కచ్చితంగా ఒకేసారి కదలవు కాబట్టి, ఎవరూ రాయని స్వరం ఒకటి మధ్యలో తళుక్కుమని పోతుంది. మనిషి ఊదుతున్నాడన్న నమ్మకం చెవికి కలిగేది ఈ చిన్న చిన్న విషయాల వల్లే.

నాలుకతో కొట్టి పలికించే స్వరం దారి వేరు. తుత్తుకారం అనే ఆ పద్ధతిలో నాలుక గాలిని నిజంగానే ఆపి వదులుతుంది, దాంతో శబ్దం బాగా కిందికి దిగి కొత్త దెబ్బతో లేస్తుంది. ఊపిరి ఆగకుండా వేళ్లు మాత్రమే మారిన చోట పడే లోయ పైపైనే ఉంటుంది, నాలుక తగిలిన చోట లోతుగా ఉంటుంది. స్వరాల మధ్య ఈ దారుల మీదే జాన్ స్ట్రాన్ 1985లో స్టాన్‌ఫర్డ్‌లో పిహెచ్‌డి చేశాడంటే, ఇది ఎప్పటి నుంచో తెలిసిన సమస్యేనని అర్థమవుతుంది. మామూలు కీబోర్డు టోన్ మాత్రం ఇప్పటికీ ప్రతి స్వరానికీ లోతైన లోయే తవ్వుతుంది.

హార్బరులో ఓడ హారన్ కొట్టినప్పుడు ఆలోచించండి. ఆ శబ్దాన్ని సింథసైజర్‌లో చేయడం తేలిక, ఎందుకంటే అది మొదలవుతుంది, కాసేపు ఉంటుంది, ఆగుతుంది, మరో స్వరానికి వెళ్లే పని దానికి లేదు. కీబోర్డులో ఉండే ఎన్వలప్ పద్ధతి సరిగ్గా అలాంటి శబ్దానికి సరిపోతుంది: లేవడం, కాస్త తగ్గడం, నిలవడం, చల్లారడం. కీబోర్డులూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి అనే భాష కూడా ఆ ఆలోచనతోనే పుట్టింది. కీ నొక్కితే ఒక సందేశం, వదిలితే ఇంకో సందేశం. పియానోకి అది చక్కగా సరిపోతుంది, అక్కడ ఒక్కో స్వరం ఒక్కో దెబ్బే కదా. ఊదే వాయిద్యంలో ఊపిరి ఒక ప్రవాహం, వేళ్ల కదలిక ఇంకో ప్రవాహం, రెండూ వేటి దారిన అవి నడుస్తాయి. ఆ రెండింటినీ కలిపి "నోట్" అనే ఒక్క ముక్కగా కోసేయడంతోనే చిక్కు మొదలవుతుంది. కింద చెప్పే పద్ధతులన్నీ, ఏ పేరుతో ఉన్నా, కోసేసిన ఆ రెంటినీ మళ్లీ విడదీసి నడిపించే ప్రయత్నాలే.

అందరి దగ్గరా ఉన్న మొదటి మందు మోనో, లెగాటో. టోన్‌ని ఒకసారికి ఒక్క స్వరమే పలికేలా పెట్టి లెగాటో ఆన్ చేస్తే, పాత కీ వదలకముందే కొత్త కీ నొక్కినప్పుడు ఎన్వలప్ మళ్లీ మొదటి నుంచి మొదలుకాదు. కంప్యూటర్‌లో నోట్లు గీసుకునే వాళ్లు ప్రతి నోట్ చివరనీ తర్వాతి నోట్ మీదికి 20, 30 మిల్లీసెకన్లు పొడిగిస్తే చాలు. చాలామంది నోట్లన్నీ తెర మీద తాళం గళ్లకి (గ్రిడ్‌కి) అతికించి, ఒకటి ముగిసిన చోటే ఇంకోటి మొదలయ్యేలా పెడతారు, లెగాటో ఆన్‌లో ఉన్నా పనిచేయడం లేదని బాధపడతారు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కకపోతే దానికి లెగాటో అని తెలిసే దారే లేదు.

ఇక్కడితో "ఫు ఫు" పోతుంది గానీ అతుకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఎన్వలప్ కొనసాగినా, పాత శాంపిల్ నుంచి కొత్త శాంపిల్‌కి తరంగం ఒక్కసారిగా దూకితే టిక్ అని వినిపిస్తుంది. ఒక తరంగం పైకి వెళ్తున్న చోట కోసి, ఇంకోటి కిందికి దిగుతున్న చోట అంటిస్తే అంతే మరి. దాన్ని పోగొట్టడానికి ఓ 5 మిల్లీసెకన్ల వాలు చాలు. కానీ టిక్ పోవడం వేరు, సాఫీగా ఉండడం వేరు. టిక్ పోయాక కూడా "ఇది వేరే రికార్డింగ్" అని చెవి పట్టేస్తుంది, దానికోసం క్రాస్‌ఫేడ్ పెంచుతారు, అంటే పాత శాంపిల్ తగ్గుతూ కొత్తది పెరుగుతూ కాసేపు రెండూ కలిసి నడుస్తాయి. అప్పుడు ఇంకో చిక్కు. 20 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు ఫరవాలేదు, 150కి పెంచితే రి, గ రెండూ ఒకేసారి వినిపిస్తాయి. ఒక వేణువులో రెండు స్వరాలు ఒకేసారి పలకవు కాబట్టి, అతుకు కప్పబోయి రెండో వేణువుని తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది.

పైగా క్రాస్‌ఫేడ్ గీత ఏ ఆకారంలో ఉండాలన్నది కూడా ముఖ్యమే. రెండు శబ్దాలకీ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడు నేరుగా సగం సగం కలిపితే మధ్యలో 3 డెసిబెల్స్ గుంట పడుతుంది, అందుకే అక్కడ ఒక్కోటి 0.707 వంతు ఉండే ఈక్వల్ పవర్ గీత వాడతారు. రెండు తరంగాలూ ఒకే ఎత్తులో ఉండి అడుగులో అడుగు వేస్తున్నప్పుడు అదే గీత వాడితే గుంట బదులు 3 డెసిబెల్స్ గుట్ట లేస్తుంది, అక్కడ నేరు గీతే సరైనది. ఇక రెండూ ఒకే ఎత్తులో ఉండి ఎదురు అడుగులు వేస్తుంటే, ఒకదాన్నొకటి కొట్టేసుకుని క్షణం పాటు శబ్దమే మాయమవుతుంది. శాంపిల్ లైబ్రరీలో కొన్ని జతల స్వరాల మధ్య మాత్రమే శబ్దం గుటుక్కుమని, మిగతా చోట్ల బాగుంటే కారణం చాలాసార్లు ఇదే.

తర్వాత అందరూ వెళ్లేది పోర్టమెంటో దగ్గరికి. స్వరం ఎత్తు ఒక్కసారి దూకకుండా జారుతూ వెళ్తుంది. ఇక్కడ లెక్కలో ఒక సంగతి. జారేది హెర్ట్జ్‌లలో కాకుండా సెంట్లలో ఉండాలి, అంటే చెవి కొలిచే కొలతలో. కీబోర్డులో పక్కపక్క కీల మధ్య దూరం ఒక అర్ధస్వరం, అందులో నూరో వంతు ఒక సెంటు. 220 నుంచి 440కి వెళ్లేటప్పుడు హెర్ట్జ్‌లలో సగం దూరం 330, చెవికి మాత్రం అది సగం దాటి పంచమం దాకా వెళ్లిపోయినట్టు. అసలు సగం దూరం 311 దగ్గర ఉంటుంది. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునే విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. జారు మొదట్లో పరుగెత్తి చివర్లో నీరసపడినట్టు ఎందుకు వస్తోందో తెలియక తల పట్టుకుంటారు.

అంతకన్నా పెద్ద పొరపాటు పోర్టమెంటోని ఒకే సమయానికి పెట్టి వదిలేయడం. పాటంతా 80 మిల్లీసెకన్లు అని పెడితే స నుంచి రికీ 80, స నుంచి పై స దాకా కూడా 80. వేణువులో మామూలుగా వేలు ఎత్తినప్పుడు స్వరం అసలు అంతగా జారదు, దాదాపు మెట్టు ఎక్కినట్టే మారుతుంది, సాఫీగా ఉండేది ఊపిరి. ప్రతి స్వరాన్నీ జార్చేస్తే వచ్చేది వేణువు కాదు, అంబులెన్స్ సైరన్. "స్మూత్" అనే మాట ఇక్కడ దారి తప్పిస్తోంది. సాఫీ చేయాల్సిన వాటిలో శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది ఒకటి, స్వరం రంగు, అంటే ఏ వాయిద్యమో చెప్పే దాని గొంతు, ఒకటి, తరంగం అడుగు ఒకటి. స్వరం ఎత్తుని సాఫీ చేయాలా వద్దా అన్నది మాత్రం ఆ చోట సంగీతం ఏం అడుగుతోందో చూసి తేల్చుకోవాలి.

పాశ్చాత్య సంగీతం కోసం రాసిన పాఠాలు ఇక్కడే మన దగ్గర సగానికే పనికొస్తాయి. మన రాగంలో స్వరాల మధ్య దారి కూడా రాగమే. ఆ దారుల్ని గమకాలంటారు, జారు, కంపితం, స్ఫురితం అని వాటికి పేర్లున్నాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి, స్వరాల మీద ఆ గుర్తులతో కృతులు ఇచ్చారంటే, స్వరం పేరు ఒక్కటి రాస్తే చాలదని ఆ రోజుల్లోనే ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మిడి ఫైలు ఆ గుర్తులన్నీ తుడిచేసిన పుస్తకం లాంటిది. తోడి రాగంలో గాంధారాన్ని ఒక్క కీ నొక్కి పలికిస్తే అది తోడి గాంధారం కాదు, ఊగుతున్న ఆ కదలికంతా కలిస్తేనే అవుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌ని సొంత ఆస్తిలా చెప్పుకునే ఉత్తరాంధ్రలో జారు అనగానే తీగ మీద పాకే వేలు గుర్తొస్తుంది. వేణువులో తీగ లేదు, ఎనిమిది రంధ్రాలున్నాయి. అక్కడ జారు రావాలంటే వేలిని రంధ్రం మీద నుంచి ఒక్కసారి ఎత్తకుండా మెల్లగా ఒరిపిస్తూ సగం తెరవాలి, దానికి తోడు పెదవుల్ని, ఊపిరిని సర్దుకోవాలి. వేణు విద్వాంసుడు టి.ఆర్. మహాలింగం వేళ్లు వేసే పద్ధతిని మార్చి గమకాలన్నీ వేణువులో గొంతుకి దగ్గరగా పలికించింది ఈ దారిలోనే. సన్నాయిలో, అంటే నాదస్వరంలో, ఇంకో సౌకర్యం ఉంది, రీడ్ మీద పెదవుల ఒత్తిడీ ఊపిరి బలమూ మార్చితేనే స్వరం కొంత కదులుతుంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం వింటే ఒకే స్వరవాక్యంలో నాలుక కొట్టిన స్వరాలు, వేళ్లతో మారిన స్వరాలు, పెదవులతో జారిన స్వరాలు పక్కపక్కన వస్తాయి. మూడింటి అతుకులూ మూడు రకాలు. వాటన్నిటికీ కలిపి ఒక్క బటన్ పెట్టి తిప్పితే మూడూ చెడతాయి.

కాబట్టి గమకం ఉన్న చోట ఎత్తుని గీసుకోవాలి. దానికి ఉన్న పనిముట్టు పిచ్ బెండ్. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాల దాకే వెళ్తుంది, మోహనలో గ నుంచి ప దాకా జారాలంటే మూడు కావాలి. అందుకే 12కి పెంచుకోవడం మంచిది, టోన్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి, లేకపోతే అపశ్రుతి. పెంచితే మెట్లు వినిపిస్తాయేమోనన్న భయం అక్కర్లేదు. పిచ్ బెండ్‌కి మొత్తం 16,384 మెట్లు, 12 అర్ధస్వరాల పరిధిలో కూడా ఒక్కో మెట్టు 0.15 సెంటు కన్నా తక్కువ. చవక కీబోర్డుల్లో బెండ్ చక్రం 128 మెట్లే పంపిస్తే మాత్రం అదే పరిధిలో ఒక్కో మెట్టూ దాదాపు 19 సెంట్లు అవుతుంది, అది గరగరా వినిపిస్తుంది. అలాంటప్పుడు చేత్తో తిప్పడం మానేసి కంప్యూటర్‌లో గీత గీసుకోవాలి. గీత కూడా నేరుగా కాకుండా మెల్లగా బయల్దేరి, మధ్యలో వేగం అందుకుని, చేరబోయే స్వరం దగ్గర మళ్లీ నెమ్మదించేలా ఉండాలి. వేలు రంధ్రం మీద నుంచి ఒరిగే తీరు అలాగే ఉంటుంది.

ఇందులో ఒక ఇబ్బంది దాగి ఉంది. శాంపిల్‌ని ఎక్కువ దూరం వంచితే ఎత్తుతో పాటు దాని రంగు, అందులో రికార్డయిన ఊపిరి చప్పుడు, స్వరంలోని వణుకు వేగం అన్నీ మారిపోతాయి. మూడు అర్ధస్వరాలు దాటేసరికి వేణువు చిన్నపిల్ల గొంతులానో, ముక్కు పట్టినట్టో అవుతుంది. దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది. జారు మొదలవగానే గ శాంపిల్‌ని ప వైపు పైకి వంచుతూ వెళ్లాలి. అదే సమయంలో ప శాంపిల్‌ని ముందే మూడు అర్ధస్వరాలు కిందికి వంచి, అంటే గ ఎత్తులో, నిశ్శబ్దంగా మొదలుపెట్టాలి. రెండూ ఒకే గీత వెంట పైకి వెళ్తాయి, వెళ్తూ ఉండగా ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరుగుతుంది. ఏ క్షణంలో విన్నా ఒకే ఎత్తు వినిపిస్తుంది, రెండో వేణువు ఎక్కడా ఉండదు, రంగు మాత్రం గ నుంచి ప కి మెల్లగా మారుతుంది. రెండు ట్రాకులు, రెండు బెండ్ గీతలు, ఒక క్రాస్‌ఫేడ్ ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇది చేసుకోవచ్చు. శ్రమే, కానీ పాటలో చెవి ఆగే చోట్లు నాలుగైదు ఉంటాయి, వాటికి చేసినా చాలు.

ఇక ఊపిరి. పద్ధతులన్నిటిలోకీ దీని విలువే ఎక్కువ, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. మిడిలో కంట్రోలర్ 2 అంటే ఊపిరి, 11 అంటే ఎక్స్‌ప్రెషన్. 1983 నాటి యమహా డీఎక్స్7 సింథసైజర్‌కే నోట్లో పెట్టుకుని ఊదే బ్రెత్ కంట్రోలర్ తగిలించుకునే వీలుండేది, తర్వాత 1987లో యమహా డబ్ల్యూఎక్స్7, అలాగే అకాయ్ ఈడబ్ల్యూఐ లాంటివి పూర్తిగా ఊదే వాయిద్యాల్లాగే వచ్చాయి. అవేవీ లేకపోయినా ఒక స్లైడర్ చాలు. నియమం ఒక్కటే, ఊపిరి గీతని స్వరం స్వరానికీ గీయకూడదు, స్వరవాక్యం మొత్తానికి ఒక్కటే గీయాలి. గమకం ఉన్నా లేకపోయినా, వేళ్లు మారినా మారకపోయినా ఆ గీత తెగకుండా నడవాలి. వేళ్లు మారే చోట మాత్రం ఓ 20, 30 మిల్లీసెకన్ల పాటు రెండు మూడు డెసిబెల్స్ పల్లం చాలు. ఆ గీతని శబ్దం గట్టితనానికి ఒక్కదానికే కలిపితే రేడియో వాల్యూమ్ తిప్పినట్టు ఉంటుంది. ఫిల్టర్‌కి కూడా కలిపి, ఊపిరి తగ్గినప్పుడు పై హార్మోనిక్స్ కూడా తగ్గేలా పెడితేనే గాలి బలం మారినట్టు వినిపిస్తుంది. ఈ కంట్రోలర్లకి 128 మెట్లే కాబట్టి మధ్యలో ఒక స్మూతర్ ఉండాలి. ఇక్కడ శాంపిల్ అంటే రికార్డు చేసిన స్వరం కాదు, డిజిటల్ శబ్దంలో ఒక్కో కొలత. ప్రతి శాంపిల్ దగ్గరా, చేరాల్సిన విలువకీ ఉన్న విలువకీ మధ్య తేడాలో చిన్న భాగం కలుపుతూ పోవడమే దాని పని. సెకనుకి 44,100 శాంపిల్స్ రేటులో 10 మిల్లీసెకన్ల స్మూతింగ్‌కి ఆ భాగం సుమారు 0.00227. 10 మిల్లీసెకన్లకి 63 శాతం దూరం, 30కి 95 శాతం చేరుతుంది. ఇంకా పెంచితే నాలుక దెబ్బలు కూడా అరిగిపోతాయి.

ఊపిరి చప్పుడు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వేణువుని సొంతంగా రికార్డు చేసుకునే వాళ్లకి విశాఖ ఉక్కలో ఫ్యాన్ ఆపడం కష్టమే. ఫ్యాన్ నడుస్తుండగా రికార్డు చేసి, తర్వాత హోరు తొలగించే డీనాయిజర్ సాఫ్ట్‌వేర్‌తో కడిగేస్తారు. డీనాయిజర్‌కి ఫ్యాన్ హోరుకీ వేణువు ఊపిరికీ తేడా సరిగ్గా తెలియదు, రెంటినీ ఊడ్చేస్తుంది. స్వరానికీ స్వరానికీ మధ్య జిగురులా పనిచేసేది ఆ ఊపిరే. ఒక టేక్‌కి నాలుగు నిమిషాలు చెమట పట్టినా ఫ్యాన్ ఆపి రికార్డు చేయడమే మేలు. ఇప్పటికే కడిగేసిన శాంపిల్స్ ఉంటే, సన్నటి గాలి చప్పుడు ఒకటి వేరే ట్రాకులో స్వరవాక్యమంతా ఆగకుండా నడిపించి, అతుకుల దగ్గర కాస్త పెంచితే ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది.

పెద్ద లైబ్రరీలు ఈ గొడవంతా తప్పించడానికి అతుకుల్నే రికార్డు చేస్తాయి. ఒక వాయిద్యంలో 30 స్వరాలుంటే, ఒక్కో స్వరం నుంచి పైకి పన్నెండు, కిందికి పన్నెండు అర్ధస్వరాల దాకా ప్రతి దూకుడూ విడిగా రికార్డు చేయాలి, అంటే వాయిద్యం పరిధి దాటిపోయే దూకుళ్లు తీసేసినా 560కి పైగా రికార్డింగులు, అదీ ఒక్క ఊపిరి బలానికే. మూడు బలాలకి దాదాపు పదిహేడు వందలు అవుతుంది. నేరుగా స్వరం మారే చోట ఫలితం అద్భుతంగా ఉంటుంది. మన రాగాలకి కావలసిన జారులన్నీ మాత్రం అందులో ఉండవు, ఉండే వీలూ లేదు, ఒక్కో రాగంలో ఒక్కో తాళానికి ఒక్కో వేగం కదా.

ఇంకో దారి అసలు శాంపిల్స్ వాడకుండా గొట్టాన్నే లెక్కల్లో కట్టడం. స్టాన్‌ఫర్డ్‌లో జూలియస్ స్మిత్ అభివృద్ధి చేసిన వేవ్‌గైడ్ పద్ధతితో యమహా 1994లో వీఎల్1 తెచ్చింది. అందులో గొట్టం అంటే ఒక డిలే లైన్, అంటే శబ్దాన్ని కొన్ని శాంపిల్స్ పాటు ఆలస్యం చేసి పంపే వరస, దాని పొడవు మారితే స్వరం మారుతుంది, ఊపిరి ఎటూ ఆగదు, కాబట్టి అతుకు దానంతట అదే వస్తుంది. అక్కడ కూడా జాగ్రత్తలున్నాయి. అదే 44,100 రేటులో 440 హెర్ట్జ్‌కి పొడవు 100.2 శాంపిల్స్, ఆ 0.2 వదిలేస్తే సుమారు 4 సెంట్లు తేడా, 1,500 హెర్ట్జ్ దగ్గర 29.4ని 29 చేస్తే 24 సెంట్లు, జారు మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. అందుకే ముక్క శాంపిల్స్‌ని కూడా లెక్కలోకి తీసుకునే ఇంటర్‌పొలేషన్ వాడతారు. 2020లో గూగుల్ మజెంటా బృందం తెచ్చిన డీడీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్ ఇంకో రకం. ఎత్తు ఒక గీతగా, గట్టితనం ఇంకో గీతగా ఇస్తే, నేర్చుకున్న వాయిద్యం రంగులో శబ్దం చేసి పెడుతుంది. గమకం బాగా పాడగలిగి, కీబోర్డు అంతగా రాని వాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే దారి. పాడితే గొంతులోని జారు జారుగానే వేణువులోకి వెళ్తుంది. మోడల్ ఏ సంగీతం విని నేర్చుకుందన్నది మాత్రం ఫలితంలో వినిపిస్తుంది.

ఇవన్నీ ఒక చిన్న స్వరవాక్యం మీద పెట్టి చూద్దాం. మోహనలో గ ప ద ప గ రి, నిమిషానికి 80 దెబ్బల నడక, ఒక దెబ్బ 750 మిల్లీసెకన్లు. ముందు నోట్లు గీయకండి, పాడండి. పాడుతూ ఏ అతుకు ఏ రకమో కాగితం మీద రాసుకోండి. గ నాలుకతో మొదలు. గ నుంచి ప కి జారు, దాదాపు 200 మిల్లీసెకన్లు, రెండు శాంపిల్స్ కలిసి వంగే ఉపాయం ఇక్కడ. ప నుంచి ద, ద నుంచి ప వేళ్లు మాత్రమే, 25 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్, ఎత్తు జారకూడదు. ప నుంచి గ కి కిందికి జారు, పైకి వెళ్లినదాని కన్నా కాస్త నిదానంగా. గ నుంచి రి మళ్లీ వేళ్లే. ఊపిరి గీత ఒక్కటే, ద దగ్గర శిఖరం, రి చివర వాలు. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, తర్వాత చెవి చెప్పినట్టు మార్చుకోవాలి. ఇలా ఒక్క స్వరవాక్యం చేయడానికి మొదటిసారి గంట పడుతుంది, పదోసారికి పది నిమిషాలు.

సరిచూసుకునేటప్పుడు రివర్బ్, అంటే హాల్లో వాయించినట్టు వచ్చే మారుమోత, పూర్తిగా తీసేయాలి. రివర్బ్ పాత స్వరం తోకని కొత్త స్వరం మీద కప్పి అతుకు లేనట్టు భ్రమ కలిగిస్తుంది, తర్వాత ఆ పాట ఫోన్ స్పీకర్‌లో మోగితే లోపాలన్నీ బయటపడతాయి. తంబూరా శ్రుతి ఒక్కటి ఉంచుకుని వింటే జారు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిందా, దాటిపోయి వెనక్కొచ్చిందా తెలుస్తుంది. పక్కన ఒక నిజమైన వేణువు రికార్డింగ్ పెట్టుకుని రెండూ సగం వేగంతో వినడం ఇంకా మంచిది, అప్పుడు 25 మిల్లీసెకన్ల పల్లం 50 అయ్యి స్పష్టంగా చెవికి అందుతుంది.

స్వరవాక్యం చివర కూడా ఒకసారి చూసుకోండి. వేణువులో గాలి తగ్గుతున్న కొద్దీ శబ్దంతో పాటు శ్రుతి కూడా కాస్త కిందికి వాలుతుంది. వాయించే మనిషి పెదవులతో దాన్ని సర్దుకుంటాడు గానీ పూర్తిగా సర్దలేడు. కీబోర్డు వేణువు శబ్దం తగ్గుతుంది, శ్రుతి మాత్రం గీత గీసినట్టు నిలబడుతుంది. చివరి రి మీద ఊపిరి వాలే చోట బెండ్ గీతని కూడా ఓ ఐదారు సెంట్లు దించండి, అంతకన్నా ఎక్కువ వద్దు, తంబూరా పట్టేస్తుంది.